తెలిసినవాళ్లే పంపారు కదా!

ఆపదలో ఆదుకునేదీ, అమాయకుల ప్రాణం తీసేదీ ఆ నమ్మకమే. దాన్ని కాపాడుకోవడం మన చేతుల్లోనే ఉంది.

ఉప్పల్, నాచారం వైపు కాలనీల్లో ఇవాళ ఏం తెలియాలన్నా వాట్సాప్ గ్రూపే ఆధారం. నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయి, కరెంటు ఎందుకు పోయింది, ఎవరికి ఏ గ్రూపు రక్తం కావాలి... అన్నీ అందులోనే. 2020 అక్టోబరు వానలకు రామంతాపూర్, హబ్సిగూడ వైపు కాలనీలు నీట మునిగినప్పుడు, మరుసటి ఏడాది కరోనా రెండో వేవ్‌లో ఆక్సిజన్ కోసం జనం అల్లాడినప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఫోన్లలోనే ఒకరికొకరు అండగా నిలిచారు.

సోషల్ మీడియా బతుకులనూ మార్చింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో కూలి పని చేసుకునే గంగవ్వను ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ ఛానల్ తెలుగువాళ్లందరికీ ఇంటి మనిషిని చేసింది. ఒక పల్లెటూరి అవ్వకు ఇంతటి వేదిక ఇదివరకు ఏది?

చాక్లెట్లు ఇచ్చినందుకు...

ఆ ఫోన్లలోనే 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు పాకింది. ఆ మే నెలలో చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను మూక కొట్టి చంపింది. జులైలో హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఒకరు స్నేహితులతో బీదర్ జిల్లాకు వెళ్లారు. దారిలో బడిపిల్లలకు వాళ్లు చాక్లెట్లు ఇచ్చారు. అంతే! కిడ్నాపర్లంటూ గ్రూపుల్లో వీడియో తిరిగింది. కారు ముర్కి గ్రామం చేరేసరికి జనం కాచుకుని ఉన్నారు. ఆ ఇంజినీరు ప్రాణాలతో తిరిగి రాలేదు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లకు ఐదు చాట్ల పరిమితి పెట్టింది.

ఆ పుకార్లు పంపినవాళ్లలో చాలామందికి దురుద్దేశం లేదు. తెలిసినవాళ్లు పంపారని నమ్మారు, తమవాళ్లు జాగ్రత్తపడాలని పంపారు. మోసగాళ్లు సొమ్ము చేసుకునేదీ ఈ నమ్మకాన్నే. స్నేహితుడి ఫొటో పెట్టుకుని ‘అన్నా, అర్జెంటు, పదివేలు కొట్టు, సాయంత్రం ఇచ్చేస్తా’ అంటారు. బెట్టింగ్ యాప్‌లదీ అదే దారి. వాటిని ప్రచారం చేశారంటూ 2025 మార్చిలో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు యూట్యూబర్లపై, సినీతారలపై కేసులు పెట్టారు. అభిమానంతో చూసే కుర్రాళ్ల నమ్మకమే ఆ యాప్‌లకు పెట్టుబడి.

గద్వాల చూపిన దారి

2018 నాటి ఆ పుకార్ల రోజుల్లోనే అప్పటి జోగులాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లలోకి పంపారు. డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఏది అబద్ధమో జనానికి విడమరిచి చెప్పించారు. ఆమె పరిధిలోని పల్లెల్లో పుకారుకు ఒక్క ప్రాణం కూడా బలికాలేదు. ఫోన్లు ఎవరూ లాక్కోలేదు. ఎదురుగా కూర్చుని మాట్లాడారు, అంతే.

ఆ పని ప్రతి కాలనీలోనూ జరగాలి. డబ్బు అడిగిన మెసేజ్ వస్తే, ముందు ఆ మనిషికి ఫోన్ చేయండి. మోసపోతే సిగ్గుపడకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. ఎంత త్వరగా చెబితే డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. పిల్లల ఫోన్ లాక్కోవడానికి ముందు, అందులో వాళ్లు ఏం చూస్తున్నారో పక్కన కూర్చుని అడగండి. గ్రూపు అడ్మిన్లూ, పుకారు కనిపిస్తే పంపినవాళ్ల పెద్దరికం చూడకుండా తీసేయండి. నిజమో కాదో తెలియని మెసేజ్‌ను మీ దగ్గరే ఆపండి.