ఇనుపపెట్టెలో సూర్యశక్తి

తుపాను తీరము దాటిన రాత్రి ఊరిలో మొదట పోవునది దీపము. కడపట తిరిగి వచ్చునదియు దీపమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమువద్ద తీరము దాటినపుడు విద్యుత్ స్తంభములు కూలి, తీగలు తెగి, నగరము చీకటిలో మునిగినది. దీపము లేకున్నను మనుష్యుడు నాలుగు రాత్రులు గడపగలడు. ఆరోగ్యకేంద్రములోని టీకామందు గడపలేదు. టీకామందులలో చాలవరకు 2 డిగ్రీలకును 8 డిగ్రీలకును నడుమ చల్లగా ఉండవలసినవే. ఈ ప్రసంగములో మేము చెప్పబూనిన ఇనుపపెట్టె అటువంటి చోట నిలుపుటకు తగినది.

ఓడలమీద సరకు తెచ్చు కంటెయినరును మన శ్రోతలు రేవులోనో, రహదారిపై పోవు లారీమీదనో చూచియే ఉందురు. 1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్లీన్ అను అమెరికా లారీ వ్యాపారి ఇట్టి పెట్టెలు 58 ‘ఐడియల్ ఎక్స్’ అను ఓడపై నెవార్కు రేవునుండి హూస్టనుకు పంపెను. ఆనాటినుండి సరకు రవాణా తీరే మారినది. నేటి 20 అడుగుల పెట్టె పొడవు ఆరు మీటర్లకు కొంచెము హెచ్చు, వెడల్పు 2.44 మీటర్లు, ఉత్తపెట్టె బరువు రెండు టన్నులకు పైమాట. ఉప్పుగాలికి త్వరగా లొంగని ఉక్కుతో దానిని చేయుదురు. పది పదునైదేండ్లు సముద్రముపై తిరిగిన పిమ్మట అది అమ్మకమునకు వచ్చును.

అట్టి పాతపెట్టెను తెచ్చి, లోపల బేటరీలను, తీగలను కర్మాగారములోనే అమర్చి, సౌరఫలకములను అందులోనే పేర్చి లారీపై పంపవచ్చును. చేరినచోట ఫలకములను వెలికి తీసి కప్పుమీది చట్రమునకు బిగింతురు. ఎండ తగిలిన ఫలకము విద్యుత్తును పుట్టించును; నియంత్రకము దానిని కొలతగా బేటరీలోనికి పంపును; ఇన్వర్టరు దానిని మన ఇంటి దీపములకు, ఫంకాలకు పనికివచ్చు రూపమునకు మార్చును. ఇంతే దాని నడక.

ఎంత విద్యుత్తు వచ్చునని శ్రోతలు అడుగవచ్చును. లెక్క వేసి చూతము. 550 వాట్ల ఫలకములు ఆ కప్పుమీద సరిగా అయిదు పట్టును. మంచి ఎండ కాసిన నాడు అవి సుమారు పదకొండు యూనిట్లు ఇచ్చును. టీకామందుల శీతలపేటికకు రోజునకు ఒకటిన్నర యూనిట్లు, పది చిన్నదీపములకు అర యూనిటు చాలును. కొన్ని ఫంకాలు, ఊరివారి టెలిఫోనులు, మనవంటివారి రేడియో (ఇది త్రాగునది బొట్టు మాత్రమే) కలిపినను ఇంకను మిగులును. అయితే ఎవరైన పెద్దమనిషి తన గదిని చల్లబరచు యంత్రమును దీనికి తగిలించెనా, రాత్రి ముగియకముందే బేటరీ ఖాళీ అగును. ఆ కోరికను మొదటనే కాదనవలెను.

పెట్టె యొక్క అసలు సుగుణము తుపాను నాడు కనబడును. ఇంటి మిద్దెపై బిగించిన ఫలకములు గాలి వచ్చినపుడు దైవాధీనములు. పెట్టె సంగతి వేరు. వాతావరణశాఖ హెచ్చరిక రెండుమూడు దినములు ముందుగానే వచ్చును. ఒక్కొక్క ఫలకము ఇద్దరు మోయగల బరువే. రేవులో ప్రమాదసూచిక ఎగురవేసిన నాడే వానిని విప్పి, లోపల పెట్టి, తలుపు బిగింపవచ్చును. పది యూనిట్లు పట్టు బేటరీ నిండుగా ఉన్నచో, శీతలపేటికకును దీపములకును మాత్రమే వాడుకొనినయెడల, ఎండ లేకయే నాలుగైదు దినములు నడచును. గాలి తగ్గిన మరునాడు ఫలకములు మరల ఎండలోనికి వచ్చును.

కాని పెట్టెను నేలపై ఊరక దింపి విడిచినచో ఈ మేలంతయు వ్యర్థము. గంటకు 180 కిలోమీటర్ల గాలి ఆ పెట్టె పొడుగాటి పక్కపై రెండు టన్నులకు మించిన బలముతో తోయును. ఉత్తపెట్టె బరువును ఇంచుమించు అంతే! కావున ఓడపై ఎట్లు నాలుగు మూలలను బిగింతురో, కాంక్రీటు దిమ్మెలకును అట్లే బిగింపవలెను. పెట్టె బలమంతయు ఆ మూలలయందే ఉన్నది. కప్పురేకు పలుచనిది, ఫలకముల చట్రమును మూలలపైననే మోపవలెను. ప్రక్కగోడను ఇష్టము వచ్చినట్లు కిటికీలకై కోసినచో పెట్టె బలము తగ్గును.

ఇక దోషము. సముద్రపు నీటిని రానీయని మూత గాలిని కూడ రానీయదు. వైశాఖపుటెండలో మూసిన ఇనుపపెట్టె కొలిమి వంటిది. సీసపు బేటరీ 25 డిగ్రీల వేడివద్ద బ్రతుకవలసిన కాలము, మరి పది డిగ్రీలు హెచ్చినచో రమారమి సగమగును. అందువలన ఫలకములను కప్పునకు జానెడెత్తున నిలిపి గొడుగువలె నీడ నిప్పించుట, తెల్లరంగు వేయుట, క్రింద గాలి వచ్చుటకును పైన వేడి పోవుటకును దారులుంచుట తప్పనిసరి.

గాలిదారులు వేడి కొరకు మాత్రమే కావు. 2019 ఏప్రిల్ 19న అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున, సర్‌ప్రైజ్ అను ఊరిలో, లిథియము బేటరీలు నింపిన పెద్దపెట్టెవంటి గదిలో ఒక బేటరీ చెడి కాగజొచ్చెను. నిప్పునార్పు వాయువు తనంత తాను విడుదలయ్యెను. అయినను కాగినది ప్రక్కదానిని కాల్చుచునేపోయి, మండునట్టి వాయువులు లోపల నిండెను. అవి పోవుటకు దారి లేదు. సుమారు మూడు గంటల తరువాత అగ్నిమాపక దళమువారు తలుపు తెరచిరి. కొద్ది నిమిషములకే అది పేలినది. నలుగురు తీవ్రముగా గాయపడిరి. ఆ కేంద్రము మేము చెప్పిన పది యూనిట్ల బేటరీకి రెండువందల రెట్లు పెద్దది, నిజమే. ఇనుము, ఫాస్ఫేటులతో కూడిన లిథియము బేటరీలు వానికంటె నిదానమైనవి, అదియు నిజమే. అయినను చెడినప్పుడు అవియు మండు వాయువును వెలువరించును. సీసపు బేటరీ సైతము నిండునపుడు హైడ్రోజనును విడుచును. కావున బేటరీలను పెట్టెలో ఒక కొసన అడ్డుగోడ కట్టి వేరుచేసి, ఆ అరకు బయటికి తెరచుకొను దారి ఉంచుట మేలని మా అభిప్రాయము. టీకాల పేటిక ఉన్న గదిలో వానిని ఉంచరాదు. పెట్టె వెలుపల, అందరికిని కనబడుచోట, విద్యుత్తును ఆపు మీట ఉండవలెను.

కొనువారికి మరియొక మాట. పాతపెట్టె నేలచెక్కకు పురుగుమందు పట్టించి ఉందురు; పూర్వము ఏ సరకు మోసినదో కూడ అడిగి తెలిసికొని, చెక్క తీసివేయుటయో, గట్టిగా పూతపూయుటయో చేయవలెను.

తాళపుచెవి సంగతి చిన్నదిగా తోచును. హెచ్చరిక వచ్చిన నాడు అది పట్టణములో కాపురమున్న ఉద్యోగి జేబులో ఉన్నచో ఫలకములు కప్పుమీదనే ఉండిపోవును. ఒకటి ఆరోగ్యకేంద్రపు నర్సువద్ద, ఒకటి ఊరిలోనే ఉండు మనిషివద్ద ఉండవలెను. ఫలకములు విప్పి లోపల సర్దుటను తుపానుల కాలము రాకముందే వారిద్దరిచే ఒకమారు చేయించి, ఎన్ని గంటలు పట్టినదో తలుపు లోపలిప్రక్క వ్రాసి ఉంచవలెను.