చక్రము క్రింది నిమ్మకాయ

మన జిల్లాలలో క్రొత్త కారు కొనిన కుటుంబము మొదట చేయు ప్రయాణము తరచుగా యాదగిరిగుట్టకే. అచట పూజారి కారు ముందుభాగమున పసుపు కుంకుమలు పెట్టి, నాలుగు చక్రముల క్రింద నాలుగు నిమ్మకాయలు ఉంచును. టెంకాయ కొట్టి బండి ముందుకు నడపగానే అవి నలిగిపోవును. దిష్టి తొలగినదని ఇంటివారు సంతోషింతురు. చిత్రమేమనగా, అమెరికా దేశములో నిమ్మకాయ అను మాటకు మఱియొక అర్థము కలదు. చూచుటకు మిలమిల మెఱయుచు, కొనిన నాటినుండి యజమానిని ఏడిపించు కారును అచటివారు నిమ్మకాయ అందురు. మనము చక్రము క్రింద పెట్టునది వారికి కారు పేరే అయినది. అట్టి కారు మన యింటికి వచ్చినచో ఏమి చేయవలెను అనునది ఈ ప్రసంగములో విచారింతము.

దక్షిణ తెలంగాణపు మెట్టప్రాంతములో కారు కేవలము విలాసవస్తువు కాదు. నల్లగొండనుండి గాని, పాలమూరునుండి గాని హైదరాబాదు సుమారు నూరు కిలోమీటర్ల దూరము. బస్సులు లేకపోలేదు. కాని అర్ధరాత్రి ఆయాసపడు వృద్ధునో, నెలలు నిండిన ఆడుబిడ్డనో పెద్ద ఆసుపత్రికి చేర్చవలసి వచ్చినప్పుడు, వాకిట నిలిచిన వాహనమునకు గల విలువ వేఱు. ఒక ఉపాధ్యాయుడు గాని, బత్తాయితోట గల రైతు గాని కారు కొనినచో, దానిలో ఐదాఱు సంవత్సరముల వాయిదాలు ఇమిడియుండును. అట్టి కారు మొదటి వేసవిలోనే నడిరోడ్డుపై ఆగిపోయినచో పోవునది ధనము మాత్రమే కాదు. ఇంటివారి ధైర్యము కూడ పోవును.

మా యింట జరిగినదే చెప్పెదము. మా తండ్రిగారు దేవరకొండలో నివసింతురు. వారికి నెలకొకమారు హైదరాబాదులో వైద్యపరీక్ష జరుగవలెను. అందు కొఱకే అప్పు చేసి ఒక క్రొత్త కారు కొంటిమి. చలికాలమంతయు అది చక్కగా నడచినది. ఏప్రిల్ మాసములో ఒకనాటి మధ్యాహ్నము, గంటకు పైగా నడిచిన పిమ్మట, వేగనిరోధకము వద్ద నెమ్మది చేయగానే ఇంజను ఆగిపోయినది. ఎంత యత్నించినను కదలలేదు. అరగంట గడచిన తరువాత, ఏమియు జరుగనట్లే, తాళపుచెవి త్రిప్పగానే పలికినది.

మఱునాడు ఉదయమే కారును సర్వీసు కేంద్రమునకు తీసికొనిపోతిమి. వారు కంప్యూటరు తగిలించి చూచి, లోపమేమియు లేదనిరి. పదిదినములకు మరల ఆగినది, మరల తీసికొనిపోతిమి, మరల అదే సమాధానము. మూడవమారు వారు చమురు బంకును అనుమానించిరి. పిమ్మట మా డ్రైవింగును అనుమానించిరి. మేమును మమ్ము అనుమానించుకొన మొదలుపెట్టితిమి.

నాలుగవమారు అది ఆగినది సాగరు దారిలో, చింతపల్లి దాటిన పిమ్మట. కారులో మా తండ్రిగారున్నారు. వెనుక వచ్చు లారీ గట్టిగా బ్రేకు వేసి, మాకు కొలది అడుగుల దూరములో ఆగినది. వారిని మెల్లగా దింపి, బాటప్రక్క వేపచెట్టు నీడను కూర్చుండబెట్టితిమి. ఆనాటి వైద్యపరీక్ష తప్పిపోయినది. వారు మమ్ము ఒక్క మాటయు నిందింపలేదు. నీరు త్రాగి, “బిడ్డా, నాకు బస్సే మంచిగున్నది” అని మాత్రము అనిరి. ఆ మాట మాకు ఎంత బాధ కలిగించినదో చెప్పజాలము.

ఆ రాత్రి సర్వీసు కేంద్రమువారిచ్చిన మూడు జాబ్ కార్డులను బల్లపై పఱచి చదివితిమి. మూడింటను వ్రాసినది ఒకటే: సాధారణ తనిఖీ. ఇంజను ఆగిపోయినదను మాట ఎచటను లేదు. మేము మూడుమారులు నోటితో మొఱపెట్టుకొంటిమి. కాగితము మాత్రము మా కారుకు ఏ జబ్బును లేదని చెప్పుచున్నది. మా తప్పు ఎచటనున్నదో అప్పుడు తెలిసినది.

అటుపిమ్మట ఒక చిన్న పుస్తకములో కారు దినచర్య వ్రాయసాగితిమి. ఆగిన తేదీ, వేళ, మీటరుపై కిలోమీటర్లు, అప్పటికి ఎంతసేపు నడచినది, ఎండ యెట్లున్నది, ఏ వేగములో ఆగినది, ఎంతసేపటికి మరల కదలినది అను వివరములు అందు చేర్చితిమి. ఆగినప్పుడెల్ల మీటరు పలకను సెల్‌ఫోనులో చిత్రించితిమి. ఐదుమారులు వ్రాసిన పిమ్మట ఒక క్రమము స్పష్టమైనది. ఉదయపు చల్లదనములో అది ఎన్నడును ఆగలేదు. మిట్టమధ్యాహ్నము, గంటకు పైగా నడచి, నెమ్మదించినప్పుడే ఆగుచున్నది. సర్వీసు కేంద్రమువారు పరీక్షించుచున్నదో, ఉదయమున, నీడపట్టున, చల్లని ఇంజనును.

ఈమారు జాబ్ కార్డులో మా మాటలు మా మాటలుగానే వ్రాసినగాని సంతకము చేయమంటిమి. మధ్యాహ్నమున మాతో కూడ గంటన్నర నడిపి చూడవలెనని కోరితిమి. ఒక అనుభవజ్ఞుడైన సాంకేతికుడు వచ్చెను. ఎండలో బయలుదేఱితిమి. గంటా పది నిమిషములకు కారు ఆయన చేతిలోనే ఆగినది. లోపము క్రాంక్‌షాఫ్టు సెన్సరులో ఉండెను. ఇంజను ఏ క్షణమున ఏ స్థితిలో తిరుగుచున్నదో కంప్యూటరునకు తెలుపు చిన్న పరికరమది. మితిమీఱి వేడెక్కినప్పుడు దాని సంకేతము తెగిపోవుచున్నది. సంకేతము లేనిదే కంప్యూటరు చమురును గాని, నిప్పురవ్వను గాని అందింపదు. చల్లారగానే సంకేతము మరల వచ్చును. వారంటీ క్రింద పరికరమును ఉచితముగా మార్చిరి. అటుపిమ్మట కారు ఆగలేదు. మా తండ్రిగారు మాత్రము మఱి మూడు నెలలు బస్సులోనే వెళ్ళిరి.

అమెరికా ఆర్థికశాస్త్రవేత్త జార్జి అకర్‌లాఫ్ 1970లో ఈ నిమ్మకాయల విపణినిగూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. పాతకార్ల బేరములో అమ్మువానికి లోపము తెలియును, కొనువానికి తెలియదు. ఆ తెలివిడిలోని వ్యత్యాసమే విపణిని చెడగొట్టునని ఆయన నిరూపించెను. 2001లో ఆయనకు మఱి యిద్దఱితో కలిపి నోబెల్ బహుమానము లభించినది. క్రొత్త కారు మొరాయించుటలో ఈ వ్యత్యాసము తలక్రిందులగును. ఇచట లోపము కొనినవానికి తెలియును, అమ్మినవానికి కనబడదు. తనకు తెలిసినదానిని ఎదుటివాడు కాదనలేని సాక్ష్యముగా మార్చుటయే కొనినవాని పని.

అంబాసిడరు కాలములో ఈ చిక్కు ఇంతగా ఉండెడిది కాదు. 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన ఆ కారు కూడ వేసవిలో ఆగుచుండెడిది. వేడికి పెట్రోలు ఆవిరియై గొట్టములో అడ్డుపడినప్పుడు, డ్రైవరు మూత ఎత్తి పంపుపై తడిగుడ్డ వేసి, బీడీ కాల్చుకొని, మరల బయలుదేఱెడివాడు. లోపము కంటికి కనబడెడిది. మందు చేతికి అందెడిది. నేటి కార్లలో పంపు చమురు తొట్టిలోనే యుండును. ఇంజనుకు కంప్యూటరు అధిపతి. మొత్తముమీద నేటి కారు నాటి కారుకన్న తక్కువగా ఆగును. కాని ఆగినచో, కారణము కంటికి కనబడదు.

ఆగిన ప్రతి కారును లోపభూయిష్ఠమనుటయు న్యాయము కాదు. కొన్ని జబ్బులు మనము తెచ్చిపెట్టునవే. నల్లగొండ నేలలోని నీటియందు ఫ్లోరైడు అధికమని లోకమెఱుగును. దానిని తొలగించు ఒక పద్ధతికి నల్లగొండ విధానమనియే పేరు వచ్చినది. బోరునీటిలో ఫ్లోరైడుతోపాటు కాఠిన్యమును కలిగించు లవణములు కూడ తరచుగా నుండును. కాగిన బిందె అడుగున తెల్లని పొర కట్టించునవి అవియే. రేడియేటరులో అట్టి నీరు పోసినచో లోపలి సన్నని గొట్టములలో అదే పొర పేరుకొని, వేడి బయటికి పోక, ఇంజను కాగిపోవును. తయారీదారు చెప్పిన కూలెంటునే వాడవలెను. బోరునీటివలన చెడినదానిని తయారీలోపమని వాదించుట కుదరదు. సర్వీసు గడువులు తప్పినను, బయటి మెకానిక్కుచేత తీగలు కత్తిరింపించి దీపములు, పాటలపెట్టెలు అమర్చుకొనినను, వారంటీపై వివాదమునకు మనమే తావిచ్చినవారమగుదుము.

ఇక చట్టము మాట. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రము 1982లో మొట్టమొదటి నిమ్మకాయ చట్టమును చేసినది. నిర్ణీత కాలములో ఒకే లోపమును నాలుగుమారులు బాగుచేయ యత్నించినను పోనిచో, లేక మొత్తము 30 దినములు కారు మూలపడినచో, కొనినవానికి క్రొత్త కారునో, సొమ్మునో కోరు హక్కు అచట కలదు. మన దేశములో కార్లకు అట్టి ప్రత్యేక శాసనము లేదు. వినియోగదారుల రక్షణ చట్టమే మనకు ఆధారము. 1986 నాటి చట్టమునకు బదులు 2019లో చేసిన చట్టము 2020 జూలై 20నుండి అమలులోనికి వచ్చినది.

న్యాయస్థానముల వైఖరి రెండు తీర్పులలో తెలియును. మారుతి ఉద్యోగ్ సంస్థకు సంబంధించిన ఒక వివాదములో సుప్రీంకోర్టు 2006లో తీర్పు చెప్పుచు, వారంటీ చెడిన భాగమును మార్చుట వఱకే హామీ యిచ్చినప్పుడు, కారునే మార్చి యిమ్మని ఆదేశించుట తగదన్నది. 2010లో ఫియట్ సంస్థకు సంబంధించిన మఱియొక వివాదములో, స్వతంత్రుడైన నిపుణుడు పరీక్షించి కారులో సహజమైన తయారీలోపము కలదని తేల్చినచో, కారు వెల వడ్డీతో సహా తిరిగి పొందుటకు కొనినవారు అర్హులన్నది. ఈ రెంటిని కలిపి చదివినచో సారమిది: భాగము చెడినచో భాగము మార్తురు, కారే చెడినదనుటకు నిపుణుని నివేదిక వలయును.

కావున కారు మొరాయించినప్పుడు చేయవలసిన పనులు వరుసగా చెప్పెదము. మొదటిది, ప్రతిమారు జాబ్ కార్డులో లోపమును మీ మాటలలో వ్రాయించి ప్రతిని భద్రపఱచుడు. రెండవది, కారు ఎన్ని దినములు వారియొద్ద నున్నదో లెక్క వ్రాయుడు. మూడవది, అదే లోపము మరల వచ్చినచో డీలరుకును, తయారీదారుకును లిఖితపూర్వకముగా తెలుపుడు. నాలుగవది, ప్రభుత్వపు వినియోగదారుల సహాయవాణి సంఖ్య 1915కు ఫోను చేయుడు; అనేక వివాదములు అచటనే పరిష్కారమగును.

అప్పటికిని ఫలము లేనిచో జిల్లా వినియోగదారుల కమిషను కలదు. కారు హైదరాబాదులో కొనినను, నల్లగొండవారు నల్లగొండలోను, పాలమూరువారు మహబూబ్‌నగర్‌లోను ఫిర్యాదు చేయవచ్చును. ఫిర్యాదుదారు నివసించు చోటనే దావా వేయు సౌకర్యము 2019 చట్టము కల్పించిన మేలు. చెల్లించిన వెల 50 లక్షలకు మించనిచో జిల్లా కమిషనే విచారించును. వెల 5 లక్షల వఱకు రుసుము లేదు; 10 లక్షల వఱకు 200 రూపాయలు, 20 లక్షల వఱకు 400 రూపాయలు. వకీలు తప్పనిసరి కాదు. వివాదమునకు కారణము కలిగిన రెండు సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవలెను. కారును తగిన నిపుణునిచేత పరీక్షింపజేయుమని ఆ ఫిర్యాదులోనే కోరుట మఱువరాదు.

అద్దెకు నడుపు కారు వాణిజ్యవస్తువు గనుక యజమాని వినియోగదారుడు కాడని కొందఱు బెదరింతురు. స్వయముగా నడుపుకొని జీవనోపాధి కొఱకే కొనినవానిని చట్టము వినియోగదారునిగానే గుర్తించును. ఒక్క టాక్సీపై కుటుంబమును పోషించుకొను మన జడ్చర్ల, మిర్యాలగూడ డ్రైవరులు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

ఒక్కొక్కప్పుడు లోపము మన కారుకు మాత్రమే పరిమితము కాదు. 2020 జూలైలో మారుతి సుజుకి సంస్థ ఇంధనపు పంపులో లోపముండవచ్చునని 1,34,885 వ్యాగన్-ఆర్, బెలీనో కార్లను పరీక్ష కొఱకు వెనుకకు పిలిచినది. ఇట్లు పిలువవలసినదిగా తయారీదారులను ఆదేశించు అధికారమును 2019 నాటి మోటారు వాహనముల సవరణ చట్టము ప్రభుత్వమునకు ఇచ్చినది. మీ కారు చట్రపు సంఖ్యను తయారీదారు వెబ్‌సైటులో నమోదు చేసినచో, అది ఆ జాబితాలో కలదో లేదో సాధారణముగా తెలియును.

చివరకు, కారు ఇంటికి తెచ్చు దినము. నిమ్మకాయలు కొనుటకు ముందు పగటివెలుగులో కారు చుట్టు తిరిగి చూడుడు. చట్రపు సంఖ్యయు, ఇంజను సంఖ్యయు బిల్లుతో సరిపోల్చుడు. తయారైన మాసమును, మీటరుపై కిలోమీటర్లను గమనింపుడు. వారంటీ పుస్తకమును అలమరలో దాచుటకు ముందు ఒక్కమారు చదువుడు. కారు అరలో ఒక చిన్న పుస్తకమును, కలమును ఉంచుడు.

మా కారులో ఆ పుస్తకము నేటికిని కలదు. మూడు నెలల పిమ్మట మా తండ్రిగారు మరల మా కారెక్కిననాడు దానిని తీసి చూచిరి. చివరిమారు కారు ఆగిన తేదీ చదివి, నాటినుండి గడచిన దినములను వ్రేళ్ళపై లెక్కించి, “పోనియ్యి బిడ్డా” అనిరి. చింతపల్లి దాటువఱకు వారును మాటాడలేదు, మేమును మాటాడలేదు.