బురదలో దిగాలంటే సస్పెన్షన్ లిఫ్టా, టైర్లా? థార్, జిమ్నీ ఓనర్లు డబ్బులు పెట్టే ముందు ఇది తెలుసుకోండి!

వానలు మొదలైతే చాలు.. ఫోర్ బై ఫోర్ బండ్లు పొలం బాటలు, చెరువు గట్ల వైపు తిరుగుతాయి. ఎత్తు పెంచిన థార్ రీల్ ఒకటి కనిపిస్తే మనమూ లిఫ్ట్ కిట్ వేయిద్దాం అనిపిస్తుంది. కానీ బురదలో బండిని ముందుకు లాగేది టైర్లు. లిఫ్ట్ పని వేరు. ఈ వరుస తారుమారైతే డబ్బులు దండగ కావడమే కాదు.. రోడ్డుపై బండి బోల్తా పడే ముప్పు కూడా పెరుగుతుంది.

లిఫ్ట్ కిట్ ఏం చేస్తుంది? ఏం చేయదు?

పొడవాటి స్ప్రింగులు, వాటికి తగ్గ షాక్ అబ్జార్బర్లు వేసి బండి బాడీని, ఛాసిస్‌ను పైకి లేపడమే సస్పెన్షన్ లిఫ్ట్. దీంతో బంపర్లు గట్లకు తగలవు. పెద్ద టైర్లు పట్టేందుకు చోటు దొరుకుతుంది.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. థార్‌కు వెనకవైపు, జిమ్నీకి ముందూ వెనకా ఉండేది సాలిడ్ యాక్సిల్. దానిపై ఉబ్బెత్తుగా కనిపించే డిఫరెన్షియల్ చక్రాలతో పాటే ఉంటుంది. బాడీని 2 అంగుళాలు లేపినా, 4 అంగుళాలు లేపినా అది ఉన్నచోటే ఉంటుంది. ట్రాక్టర్లు తిరిగి లోతైన గాళ్లు పడ్డ బాటలో మధ్య దిబ్బకు ముందుగా ఆనేది అదే. దాన్ని పైకి లేపగలిగేది టైరు ఒక్కటే. అదీ సగమే! టైరు మొత్తం ఎత్తు 2 అంగుళాలు పెరిగితే డిఫరెన్షియల్ లేచేది 1 అంగుళం.

హెచ్‌టీ, ఏటీ, ఎంటీ.. ఏది తీసుకోవాలి?

హెచ్‌టీ టైర్లు హైవే కోసం. బురద తగిలితే వీటి సన్నటి గాళ్లు క్షణాల్లో పూడుకుపోతాయి. ఏటీ అంటే ఆల్ టెర్రైన్. రోజూ ఆఫీసుకు వెళ్తూ, నెలకోసారి పొలం వైపు వెళ్లేవారికి ఇవి చాలు. ఎంటీ అంటే మడ్ టెర్రైన్. పెద్ద పెద్ద బ్లాకులు, మధ్యలో వెడల్పాటి ఖాళీలు ఉంటాయి. చక్రం తిరిగినప్పుడు బురదను బయటకు విసిరేసి మళ్లీ పట్టు దొరకబుచ్చుకుంటాయి. కానీ రోడ్డు మీద చప్పుడు ఎక్కువ, మైలేజీ తక్కువ, తడి రోడ్డుపై బ్రేకింగ్ కూడా తగ్గుతుంది.

మన నేలను బట్టి కూడా చూసుకోవాలి. పత్తి పండే నల్లరేగడి తడిస్తే జిగురులా అంటుకుంటుంది. ఏటీ టైరు కూడా నాలుగు చుట్లలో నున్నగా గుండులా మారిపోతుంది. అక్కడ తరచూ తిరిగేవారికి ఎంటీ తప్పదు. ఇసుక కలిసిన ఎర్రనేలలో మాత్రం మంచి ఏటీతో పని జరిగిపోతుంది.

వెడల్పు టైరే మంచిదనుకోవడమూ పొరపాటే. పైన బురద, అడుగున గట్టి నేల ఉంటే సన్నటి టైరు కోసుకుంటూ దిగి పట్టు సాధిస్తుంది. అడుగు కూడా మెత్తగా ఉంటేనే వెడల్పు టైరు ఉపయోగం.

ఖర్చు లేని చిట్కా.. గాలి తగ్గించడం!

బురదలోకి దిగే ముందు టైర్లలో గాలిని 20 పీఎస్‌ఐ దాకా తగ్గిస్తే టైరు పరుచుకుని నేలను ఎక్కువగా పట్టుకుంటుంది. 15 కంటే కిందికి వెళ్తే టైరు రిమ్ నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. తారు రోడ్డు ఎక్కే ముందు మళ్లీ గాలి నింపాల్సిందే. అందుకే చిన్న కంప్రెసర్ వెంట ఉంచుకోండి.

లిఫ్ట్ వేయిస్తే ఎంత?

కొత్త టైరు ఫెండర్‌కు, లోపలి భాగాలకు రాసుకోకుండా తిరగడానికి ఎంత అవసరమో అంతే. ఎత్తు పెరిగేకొద్దీ బండి బరువు పైకి జరిగి మలుపుల్లో ఊగుతుంది. థార్ ముందువైపు ఇండిపెండెంట్ సస్పెన్షన్ కాబట్టి డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు ఎక్కువ వంకరలో తిరిగి త్వరగా అరుగుతాయి. జిమ్నీలో అయితే ఇరుసు కాస్త పక్కకు జరుగుతుంది. లిఫ్ట్ తర్వాత వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల దిశ, బ్రేక్ హోస్‌ల పొడవు తప్పకుండా చెక్ చేయించాలి. 31 అంగుళాల టైరు తీసి 33 వేస్తే స్పీడోమీటర్ 80 చూపించినప్పుడు బండి అసలు వేగం దాదాపు 85 ఉంటుంది.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్లకు భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. సెక్షన్ 182ఏ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కూ చిక్కులే. లిఫ్ట్ ఆలోచన ఉంటే ముందుగా ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో అడిగి తెలుసుకోండి.

అందుకే వరుస ఇలా పెట్టుకోండి: ముందు కంపెనీ సైజులోనే మంచి ఏటీ లేదా ఎంటీ టైర్లు, తర్వాత గాలి సర్దుబాటు, బండిని బయటకు లాగడానికి గట్టి రికవరీ తాడు. ఇవన్నీ ఉన్నా బండి అడుగు నేలకు తగులుతోందంటేనే లిఫ్ట్ గురించి ఆలోచించండి.