కొబ్బరి మొవ్వుకు బోర్డో మిశ్రమము: సున్నము తగ్గిన ముప్పు

2018 అక్టోబరు 11వ తేదీన పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుఫాను ఉద్దానములో కొబ్బరి చెట్లను విస్తారముగా కూల్చివేసినది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు రైతులు తిరిగి నాటుకొన్న లేత చెట్లకు వానకాలమున మొవ్వుకుళ్ళు తెగులు పెద్ద గండము. నడిమి మొవ్వాకు వాడి, లాగినంతనే ఊడివచ్చి, దుర్వాసన కొట్టును. మొవ్వు చచ్చిన చెట్టు మరల చిగుర్చదు.

ఈ తెగులుకు బోర్డో మిశ్రమము మంచి మందు. 1885లో ఫ్రాన్సులోని బోర్డో ద్రాక్షతోటల అనుభవమునుండి మిలార్డే అను శాస్త్రజ్ఞుడు దీనిని లోకమునకు తెలిపెను. కాని సరిగా కలుపనిచో ఇదే మందు చెట్టును మాడ్చును. ఎందుచేత?

మైలుతుత్తపు నీటికి ఆమ్లగుణము కలదు. తడిసిన సున్నము కాల్షియం హైడ్రాక్సైడు, అది క్షారము. రెండును కలిసినపుడు ఆమ్లము విరిగి, తుత్తములోని రాగి హైడ్రాక్సైడుగా మారి నీలి మడ్డి కట్టును. ఈ మడ్డి నీటిలో కరుగదు కనుక ఆకును అంటియుండును. ఆమ్లము తగిలిన మాత్రము కరుగును. తెగులు బీజము మొలకెత్తుచు స్రవించు ఆమ్లము వలన రాగి కొద్దికొద్దిగా కరిగి దానిని చంపును. సున్నము చాలనిచో రాగి ముందే కరిగియుండి లేత ఆకును కాల్చును.

1 కిలో మైలుతుత్తమును 50 లీటర్ల నీటిలో కరిగింపవలెను. 1 కిలో కాల్చిన సున్నమును కొద్ది నీటితో విరియించి, చల్లార్చి, వడగట్టి, వేరుగా 50 లీటర్లు చేయవలెను. తుత్తపు నీటిని సున్నపు నీటిలో పోయుచు కర్రతో కలియబెట్టవలెను. మట్టి, ప్లాస్టిక్ పాత్రలే వాడవలెను. తుత్తము ఇనుమును తినివేయును. అల్యూమినియం హైడ్రాక్సైడు ఆమ్లములోను, క్షారములోను కూడ కరుగును; కనుక ఆ పాత్రను సున్నపు నీరు సైతము తినివేయును.

పిచికారికి ముందు మెరుగు పెట్టిన ఇనుప చాకును ఒక నిమిషము మందులో ముంచి చూడవలెను. ఎర్రని రాగి పూత పట్టినచో సున్నము చాలలేదన్నమాట. మరికొంత సున్నపు నీరు చేర్చి మరల పరీక్షింపవలెను. గాలి తగిలి పాతబడిన సున్నము బలము కోల్పోవును. తూకము సరిపోయినను పని సరిపోదు. కలిపిన మందును ఆనాడే వాడవలెను.

తెగులు సోకిన చెట్టున కుళ్ళిన భాగమును పూర్తిగా తీసివేసి, 100 గ్రాముల తుత్తము, 100 గ్రాముల సున్నము, 1 లీటరు నీటితో చేసిన ముద్దను పూసి, వాన తగులకుండ కప్పవలెను. చుట్టుప్రక్కల చెట్ల మొవ్వులను వానలకు ముందే మిశ్రమముతో తడుపవలెను.

గ్రామోద్యోగులు ఊరిలో ఒక్క తోటయందైనను ఈ చాకు పరీక్షను పదిమంది ఎదుట చేసి చూపినచో, ఎన్నో మొవ్వులు నిలుచును.