అక్షరాల తడబాటు

విన్న పాఠాన్ని తడుముకోకుండా ఒప్పగించే విద్యార్థి, దానినే పుస్తకం చూచి చదువమన్నపుడు పదపదానికీ ఆగిపోవచ్చు. సోమరి అనీ మందబుద్ధి అనీ వానిని నిందిస్తాం. ఆ నింద భరించలేక బడి మానినవారున్నారు. ఈ స్థితికి డిస్లెక్సియా అని పేరు.

1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఆంగ్లవైద్యుడు ఇట్టి 14 ఏండ్ల బాలుని గూర్చి రాశాడు. ఆ బాలుడు చురుకైనవాడు, లెక్కలంటే ఇష్టపడేవాడు. అచ్చక్షరం మాత్రం అతనికి కొరుకుడుపడలేదు. లోపం కంటిలో లేదు, బుద్ధిలోనూ లేదు. పదంలోని ధ్వనులను విడదీసి లిపితో జతపరచడమే ఇట్టివారికి కష్టం.

మన లిపి ఉచ్చారణకు సన్నిహితమైనదే. అయినా ప-వ, మ-య వంటి పోలికలు, గుణింతపు గుర్తులు, వత్తులు వీరికి అడుగడుగునా పరీక్షలు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరంలో మూడు హల్లులు, ఒక అచ్చు ఒదిగి ఉన్నాయి! పదిసార్లు చూచిరాత రాయించినందువల్ల ఒరిగేది స్వల్పం. ధ్వనిని వినిపించి, పలికించి, దాని గుర్తును వేలితో దిద్దించి, ఓపికగా ఒక్కొక్కటే నేర్పాలి. ఇసుకలో దిద్దించిన మన వీధిబడి పంతుళ్లకు ఇది కొత్త కాదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాలలో అభ్యసన వైకల్యం కూడా ఉంది. అర్హులకు పరీక్షలలో అదనపు సమయం, లేఖకుని సహాయం లభిస్తాయి. ఇవి దయాభిక్షలు కావు, హక్కులు.

ఈ ఇబ్బంది వయసుతో పూర్తిగా తొలగిపోదు. సుదీర్ఘమైన ఉత్తరువును చదివి వినిపించే ఫోనో, ముఖతః వివరించే అధికారో ఉంటే ఆ ఉద్యోగి తన పని తాను చేసుకుపోగలడు.