కప్‌బోర్డు ఖరీదు... తలుపు తీస్తేనే తెలుస్తుంది!

వంటింటిని కొత్తగా మార్చుకోవాలనుకున్నప్పుడు అందరం ముందు చూసేది రంగు. చివర చూసేది బిల్లు. ఆ రెండింటి మధ్య ఏమేం ఉంటాయో కాస్త ముందే తెలుసుకుంటే జేబుకు చిల్లు పడకుండా ఉంటుంది.

ఇరవయ్యేళ్ల కిందట కొన్న ఫ్లాటు. వంటగట్టు కింద కడప బండల అరలు. వాటికి అడ్డంగా ఓ కర్టెను. దసరాలోగా కప్‌బోర్డులు చేయించాల్సిందేనని ఇల్లాలి పట్టు. ఇంటాయన సరేనన్నాడు. ముగ్గురిని పిలిపించారు. షోరూమ్ నుంచి వచ్చిన కుర్రాడు చదరపు అడుగుకు 1,400 రూపాయలన్నాడు. వీధి చివరి కార్పెంటరు 400 చాలన్నాడు. మూడో ఆయన 'లెక్కలెందుకండీ, మొత్తం కలిపి రెండున్నర లక్షలిచ్చేయండి' అన్నాడు. వెయ్యి రూపాయల తేడా చూశాక ఇంకా ఆలోచించేదేముంది? కార్పెంటరుకే అడ్వాన్సు ఇచ్చేశారు. పని పూర్తయ్యి, కొలతల కాగితం చేతికొచ్చాక గానీ తెలియలేదు... 400 కంటే 1,400 చవకని!

ఇది ఊహించి చెప్పిన కథే. అంకెలూ లెక్క అర్థం కావడానికి తీసుకున్నవే. కానీ అలా ఎలా జరుగుతుందన్నది మాత్రం ప్రతి ఇంటికీ అవసరమే.

కొలత ఎక్కడ వేస్తారు?

గట్టు కింద పెట్టే ఒక్క పెట్టెను తీసుకుందాం. వెడల్పు 2 అడుగులు, ఎత్తు రెండున్నర, లోతు 2. కొందరు ముందువైపు మాత్రమే కొలుస్తారు. అంటే 5 చదరపు అడుగులు. 1,400 చొప్పున 7,000 రూపాయలు.

మరికొందరు వాడిన చెక్కనంతా కొలుస్తారు. రెండు పక్కలూ కలిపి 10, అడుగుభాగం 4, వెనక 5, మధ్య అర 4, తలుపులు 5. మొత్తం 28 చదరపు అడుగులు! 400 చొప్పున వేసినా 11,200 రూపాయలు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉండే ప్లైవుడ్ షీటు మొత్తం 32 చదరపు అడుగులే. అంటే ఒక్క పెట్టెకు దాదాపు ఒక షీటు.

ఈ రెండు పద్ధతుల్లో ఏదీ మోసం కాదు. చెప్పకుండా కొలవడమే చిక్కు. మొత్తంగా ధర చెప్పినవాళ్లనూ నమ్మకూడదని కాదు. ఆ మొత్తంలో ఏమేం ఉన్నాయో కాగితం మీద రాయించుకోవాలి, అంతే.

పైన మెరుపు... లోపలేంటి?

కప్‌బోర్డులో రెండు భాగాలుంటాయి. కనిపించే తలుపు షట్టర్. కనిపించని పెట్టె కార్కస్. 'అంతా మెరైన్ ప్లైవుడ్డేనండీ' అంటే, తలుపులకా, పెట్టెకు కూడానా అని అడగాలి. తలుపు మెరైన్‌దీ, పెట్టె పార్టికల్ బోర్డుదీ అయితే తక్కువ ధర ఎందుకో అక్కడే తెలిసిపోతుంది. పార్టికల్ బోర్డు చవకే. కానీ అంచులోంచి నీళ్లు దిగితే ఉబ్బిపోతుంది. మరలూ వదులైపోతాయి. ఎండీఎఫ్ నున్నగా ఉంటుంది. రంగు వేసే తలుపులకు బాగుంటుంది. అయితే మామూలు ఎండీఎఫ్‌కీ నీళ్లు పడవు.

మెరైన్ ప్లైవుడ్ షీటు మీద ఐఎస్ఐ గుర్తుతోపాటు 'ఐఎస్ 710' అని ఉంటుంది. అది వంటిల్లంతా అక్కర్లేదు. సింకు కింద, పంపు పక్కన పెట్టిస్తే మేలు. నీళ్లు తగలని పై అరలకు తక్కువ రకం చాలు. నేల కడిగే అలవాటున్న ఇళ్లలో పెట్టెలు నేలకు ఆనకూడదు. నాలుగంగుళాల ఎత్తు కాళ్ల మీద నిలబెట్టించుకోవాలి.

తలుపు పైపూతలో సాధారణంగా సన్‌మైకా లాంటి లామినేట్ చవక. యాక్రిలిక్‌కు అంతకంటే ఎక్కువవుతుంది. పీయూ పెయింట్ ఇంకా ఖరీదు.

సొరుగుల దగ్గరే అసలు ఖర్చు

అరల పెట్టెకు ఓ చెక్కా, తలుపు బందులూ ఉంటే సరిపోతుంది. అదే పెట్టెలో మూడు సొరుగులు కావాలంటే మూడు జతల చానెళ్లు, మూడు చిన్న పెట్టెలు, మూడు ముఖాలు! చప్పుడు కాకుండా మూసుకునే సాఫ్ట్‌క్లోజ్ కావాలంటే మరికాస్త. మూలల్లో గిర్రున తిరిగే అరలు, బయటికి లాగే స్టీలు బుట్టలు... వీటిని చాలామంది చదరపు అడుగు ధరలో కలపరు. కాగితం చివర 'యాక్సెసరీస్ ఎక్స్‌ట్రా' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది.

రోజూ వాడే గిన్నెలకూ పోపు డబ్బాకూ సొరుగులు సుఖమే. ఏడాదికోసారి తీసే పిండివంటల మూకుడుకు అవసరమా? బియ్యం డబ్బా, ఆవకాయ జాడీ పెట్టే సొరుగైతే చానెల్ ఎన్ని కిలోలు మోస్తుందో అడగాలి.

పాతదంతా పీకేయాలా?

అక్కర్లేదు. కడప బండల అరలు గట్టిగా ఉండి, గోడలో చెమ్మ లేకపోతే వాటికే ఫ్రేము కట్టి తలుపులు బిగించొచ్చు. పెట్టె ఖర్చు మొత్తం మిగులుతుంది. అటకకూ అంతే. పాత చెక్క పెట్టెలుంటే తట్టి చూడాలి. చెద లేకుండా గట్టిగా ఉంటే తలుపులు మారిస్తే చాలు.

పీకాల్సి వస్తే ఖర్చులు చాలానే తోడవుతాయి. శిథిలాలు మోయించాలి. పంపులైను జరపాలి. చిమ్నీకీ మిక్సీకీ కరెంటు పాయింట్లు కావాలి. కొత్త గ్రానైటు, టైల్సు సరేసరి. పన్ను సంగతీ మరవొద్దు. వంటింటి ఫర్నిచర్ మీద జీఎస్టీ 18 శాతం. రెండున్నర లక్షలకు విడిగా వేస్తే 45,000 రూపాయలు!

అడ్వాన్సు ఇచ్చే ముందు...

* కొలత ముందువైపుదా, చెక్క మొత్తానిదా?
* పెట్టెకు ఏ చెక్క, తలుపుకు ఏ చెక్క, మందమెంత?
* చెక్క అంచులన్నిటికీ పట్టీ వేస్తారా?
* సొరుగులు, బుట్టలు, బందులు ఎన్ని? ఏ కంపెనీవి?
* పాతది తీయడం, బిగింపు, రవాణా, జీఎస్టీ ఇందులోనేనా?
* గ్యారంటీ తలుపులకేనా, పెట్టెకు కూడానా?

ముగ్గురి దగ్గరా ఒకే కొలతకు, ఒకే రకం చెక్కకు ధర రాయించుకుని చూడండి. అప్పుడు ఎవరిది చవకో తేల్చడం ఏమంత కష్టం కాదు. ఆ తరవాత రంగు గురించి ఇంటిల్లిపాదీ ఎంతసేపైనా వాదించుకోవచ్చు!