నీలి కాంతి – గాలియం నైట్రైడ్: ‘మలినం’ అనే పదంపై ఒక పరిశీలన

కాంతి ఉద్గార డయోడ్‌లోనూ, అర్ధవాహక లేజర్‌లోనూ ఎలక్ట్రాన్ రంధ్రంతో కలిసినప్పుడు విడుదలయ్యే శక్తే కాంతిగా వెలువడుతుంది. దాని రంగును నిర్ణయించేది పదార్థపు శక్తి అంతరం. సిలికాన్‌లో ఈ అంతరం పరోక్షమైనది కనుక శక్తి అధికభాగం ఉష్ణంగా మారిపోతుంది. అందువల్ల పరిశోధకులు ప్రత్యక్ష అంతరం గల సమ్మేళనాలను ఆశ్రయించారు.

1962లో నిక్ హోలోన్యాక్ గాలియం ఆర్సెనైడ్ ఫాస్ఫైడ్‌తో ఎరుపు కాంతిని సాధించారు. ప్రకాశవంతమైన నీలి కాంతికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 3.4 ఎలక్ట్రాన్ వోల్టుల అంతరం గల గాలియం నైట్రైడ్ అందుకు తగినదని తెలిసినా, మేలైన స్ఫటికం లభించలేదు. 1986లో అకసాకి, అమానో అల్యూమినియం నైట్రైడ్ పలుచని పొరను ఆధారంగా చేసుకొని ఆ స్ఫటికాన్ని పెంచారు.

రంధ్రాలు అధికంగా ఉండే పి-రకం పొర కోసం మెగ్నీషియం చేర్చినా ఫలితం రాలేదు. 1989లో అకసాకి బృందం ఎలక్ట్రాన్ పుంజంతో దానిని సాధించింది. కారణాన్ని 1992లో నకమురా బృందం వివరించింది: పెరుగుదల సమయంలో చేరిన హైడ్రోజన్ మెగ్నీషియంను బంధించి నిష్క్రియం చేస్తోంది, వేడిచేస్తే అది తొలగిపోతుంది. ఇండియం చేర్చి అంతరాన్ని తగ్గించిన పొరతో 1993లో ప్రకాశవంతమైన నీలి డయోడ్ వెలువడింది. ఈ ముగ్గురికీ 2014లో నోబెల్ బహుమతి లభించింది.

మన పాఠ్యగ్రంథాలు చేర్చే పరమాణువును ‘మలినం’ అంటాయి. ఇక్కడ మెగ్నీషియం కావలసినది, హైడ్రోజన్ అడ్డుపడినది. రెండింటినీ ఒకే పదంతో చెబితే ఈ ఆవిష్కరణ సారమే విద్యార్థికి అందదు. మొదటిదానికి ‘చేర్పు’, రెండవదానికి మాత్రమే ‘మలినం’ అనడం సముచితం.